ఏ పార్టీ గడిలో టిక్కు పెట్టాలి?

అమెరికా పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు ఓటరు దరఖాస్తు నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోతుంటారు. డెమోక్రటిక్, రిపబ్లికన్, ఇంకో నాలుగైదు చిన్న పార్టీలు, చివర్లో 'ఏ పార్టీ కాదు'. మన దగ్గర ఓటరు నమోదుకు పార్టీతో పనే లేదు కాబట్టి ఆ గడి చూడగానే కలం ఆగుతుంది. రెండే పెద్ద పార్టీలున్న చోట ఏ పార్టీలోనూ చేరని ఓటరు సంగతేమిటని వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఎన్నికల నియమాలు రాష్ట్రానికొక తీరు. కాబట్టి మీ ఊరి పేరున్న ప్రశ్నతో సరిపెట్టుకోకుండా మీ రాష్ట్రం ఏ రకమో కూడా చూసుకోండి.

ప్రశ్న: ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. రెండు పార్టీల్లోనూ నచ్చేవీ నచ్చనివీ ఉన్నాయి కాబట్టి దరఖాస్తులో పార్టీ గడి ఖాళీగా వదిలేశాను. దీనివల్ల ఏమైనా పోగొట్టుకుంటానా? – ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నవంబరు ఎన్నికలో ఏమీ పోదు. అధ్యక్షుడికి ఒక పార్టీ, సెనేటర్‌కు ఇంకో పార్టీ, కౌంటీ పదవికి మూడో మనిషి, ఎలాగైనా వేసుకోవచ్చు. మీరు జాగ్రత్తపడాల్సింది జూన్‌లో జరిగే ప్రైమరీ దగ్గర.

మన దగ్గర బీ-ఫారం ఎవరి చేతికి ఇవ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో ఆ పని ప్రైమరీ ఎన్నికలో ఓటర్లు చేస్తారు. ఒక పార్టీకి కంచుకోట అయిన ప్రాంతంలో బీ-ఫారం దక్కినవాళ్లే దాదాపుగా గెలుస్తారు. అంటే అసలు పోటీ ప్రైమరీలోనే ముగిసిపోతుంది, నవంబరులో మిగిలేది లాంఛనం. ఆ ప్రైమరీకి వెళ్లని తటస్థ ఓటరు అప్పటికే వండి వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టే.

న్యూజెర్సీలో మీకు దారి తెరిచే ఉంది. గడి ఖాళీగా వదిలినవాళ్లను అక్కడ 'అన్‌ఎఫిలియేటెడ్' అంటారు. వీళ్లు ప్రైమరీ రోజు పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడికక్కడే చెప్పి ఓటు వేయొచ్చు. అయితే ఆ క్షణం నుంచి మీరు ఆ పార్టీ ఓటరుగా నమోదైపోతారు. వచ్చే ఏడాది ఇంకో పార్టీ ప్రైమరీలో వేయాలనుకుంటే ఆ ప్రైమరీకి 55 రోజుల ముందే పార్టీ డిక్లరేషన్ ఫారం ఇచ్చి మార్చుకోవాలి. మళ్లీ ఏ పార్టీ లేని ఓటరుగా ఉండాలన్నా అదే ఫారం. మునిసిపల్ క్లర్క్‌కు గానీ కౌంటీ ఎన్నికల కార్యాలయానికి గానీ ఇస్తే సరిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది పోస్టల్ ఓటు దగ్గర. ఏటా నవంబరులో బ్యాలెట్ ఇంటికే వస్తోంది, జూన్‌లోనూ వస్తుందిలే అని కూర్చుంటారు, రాదు. ఏ పార్టీదో చెప్పనివాళ్లకు ఏ బ్యాలెట్ పంపాలో క్లర్క్‌కు తెలియదు. పోస్టులో వేయదలిస్తే డిక్లరేషన్ ఫారం ముందే పంపండి. మీరు ఇంకా నమోదు కాకపోతే, నమోదుకు గడువు ఎన్నికకు 21 రోజుల ముందు ముగుస్తుంది.

మా సలహా: ఖాళీగా వదిలినందుకు బాధపడొద్దు, జూన్ తేదీ మాత్రం క్యాలెండర్‌లో రాసుకోండి.

ప్రశ్న: అమెరికాలో నూటికి 40 మందికి పైగా ఏ పార్టీకీ చెందనివారేనని చదివాను. ఏ పార్టీ కన్నా వాళ్లే ఎక్కువ కదా. మరి గెలుపోటములు వాళ్ల చేతుల్లో ఉన్నట్టేనా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, అంకె నిజమే, అర్థం మాత్రం వేరు. 2023లో గ్యాలప్ సంస్థ సర్వేల్లో 43 శాతం తాము ఇండిపెండెంట్లమని చెప్పారు. డెమోక్రాట్లు 27, రిపబ్లికన్లు 27. కానీ సర్వే చేసేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేస్తారు: 'సరే, ఏ పార్టీ వైపు కాస్త మొగ్గుతారు?' ఆ ప్రశ్నతో లెక్క తారుమారవుతుంది. 2019లో ప్యూ సంస్థ లెక్క చూడండి. ఇండిపెండెంట్లు 38 శాతం. వాళ్లలో డెమోక్రాట్ల వైపు మొగ్గేవారు 17, రిపబ్లికన్ల వైపు 13. ఎటూ మొగ్గనివారు 7 శాతమే. మొగ్గు చూపేవాళ్లు పోలింగ్ రోజున దాదాపుగా పార్టీవాళ్లలాగే ఓటు వేస్తారు. ఎటూ మొగ్గని ఆ కొద్దిమంది రాజకీయాల మీద ఆసక్తి తక్కువున్నవాళ్లు, పోలింగ్‌కు వెళ్లేదీ తక్కువే.

ఇండిపెండెంట్లు ఎటుంటే గెలుపు అటే అనేది కూడా అన్నిసార్లూ నిలబడదు. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం 2012లో ఇండిపెండెంట్లలో మిట్ రామ్నీకి 50, ఒబామాకు 45 శాతం పడ్డాయి. గెలిచింది ఒబామా. 2024లో కమలా హారిస్‌కు 49, ట్రంప్‌కు 46 శాతం. గెలిచింది ట్రంప్. 2020లో మాత్రం బైడెన్ ఇండిపెండెంట్లలో బాగా ముందుండి గెలిచారు. కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. తన పార్టీ మీద అలిగినవాడు 'నేను ఇండిపెండెంట్' అంటాడు, ఓటు మాత్రం పాత గుర్తుకే వేస్తాడు. ఇలాంటివాళ్లు ఒక పార్టీలో పెరిగిన ఏడాది ఆ పార్టీకి ఇండిపెండెంట్లలో మెజారిటీ వచ్చినట్టు కనిపిస్తుంది.

మరి వాళ్ల బలం ఎక్కడ? పోటీ నువ్వా నేనా అన్నట్టున్న రాష్ట్రాల్లో. అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లకు 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్రం మొత్తం దక్కుతుంది. 2020లో జార్జియా 11,779 ఓట్ల తేడాతో, అరిజోనా 10,457 ఓట్ల తేడాతో తేలాయి. మన దగ్గర ఒక అసెంబ్లీ సెగ్మెంట్‌లో వచ్చే మెజారిటీ అంత. అక్కడ మనసు మార్చుకునే కొన్ని వేలమంది దేశాన్నే అటూ ఇటూ చేయగలరు.

ఇంకో చోటు క్రాస్ ఓటింగ్. 2024లో అరిజోనాలో ట్రంప్ గెలిచారు, అదే బ్యాలెట్ మీద సెనేట్‌కు డెమోక్రాట్ రూబెన్ గాయెగో గెలిచారు. నార్త్ కరోలినాలోనూ ట్రంపే గెలిచారు, గవర్నర్ పదవి మాత్రం డెమోక్రాట్ జాష్ స్టైన్‌కు దక్కింది. ఒకే కాగితం మీద మనిషిని బట్టి గుర్తు మార్చినవాళ్లు లేకపోతే ఈ ఫలితాలు రావు. తటస్థ ఓటరు అనే మాట వీళ్లకే నప్పుతుందని మా ఉద్దేశం, వాళ్ల కార్డు మీద ఏ పార్టీ ఉన్నా సరే.

ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను. ఇంతమంది రెండు పార్టీలూ నచ్చలేదంటుంటే మూడో పార్టీ ఎందుకు నిలబడదు? – హైదరాబాద్

జవాబు: ఒక నియోజకవర్గం, ఒక సీటు, అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే గెలుపు. ఈ పద్ధతి ఉన్నచోట పోటీ ఇద్దరి మధ్యకు కుదించుకుపోతుందని ఫ్రెంచ్ పండితుడు మారిస్ డువెర్జే 1951లో వివరించాడు. మూడోవాడికి వేస్తే ఓటు వృథా అన్న భయం ఓటరుది. గెలవని చోట డబ్బు పెట్టడం దండగన్న లెక్క నాయకులది.

1992లో రాస్ పెరో స్వతంత్రుడిగా 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. ఎలక్టోరల్ ఓట్లు సున్నా. ఎందుకంటే ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు. ఇది మనకు కొత్త కాదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యం 16 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుని 294లో 18 సీట్ల దగ్గర ఆగిపోయింది, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఓట్లు ఊరూరా పలచగా పరుచుకుంటే సీట్లు రావు.

పరీక్షలో రాయదగ్గ తేడా ఒకటుంది. మన దగ్గర టికెట్ రాని నాయకుడు రెబెల్‌గా నిలబడతాడు, లేదా పార్టీ పెడతాడు. అమెరికాలో ఆ అసంతృప్తి ప్రైమరీలోకి దూరుతుంది. సెనేట్‌లో స్వతంత్రుడైన బెర్నీ శాండర్స్ 2016లో పోటీ చేసింది డెమోక్రటిక్ ప్రైమరీలో. ఏ పదవీ చేయని ట్రంప్ అదే ఏడాది రిపబ్లికన్ ప్రైమరీ గెలిచి పార్టీనే చేతిలోకి తీసుకున్నాడు. ప్రైమరీలో ఓడినవాడు అదే ఏడాది నవంబరులో స్వతంత్రుడిగా నిలబడకుండా చాలా రాష్ట్రాలు చట్టంతో అడ్డుకుంటాయి. కాబట్టి కొత్త శక్తి పుట్టినా పాత పార్టీ గొడుగు కిందే పుడుతుంది.

ప్రశ్న: మా టెక్సస్‌లో పార్టీ నమోదే లేదు. కానీ మార్చిలో ఓటు వేయడానికి వెళ్తే 'ఏ పార్టీ?' అని అడిగారు. చెప్పేస్తే ఆ పార్టీ ముద్ర నా మీద పడిపోతుందా? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: పడుతుంది, కానీ ఆ ఏడాదికే. డిసెంబరు 31తో చెరిగిపోతుంది. నవంబరులో మీ ఓటుకు దానితో సంబంధమే ఉండదు.

టెక్సస్‌లో ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం. బల్ల దగ్గర ఫొటో గుర్తింపు చూపాక ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పాలి. ఒక్కటే ఇస్తారు. రెండు పార్టీల అభ్యర్థుల్లో నచ్చినవాళ్లను ఏరుకోవడం కుదరదు. కాబట్టి ఆ ఏడాది ఏ పార్టీ పోటీలో మీ ఓటు ఎక్కువ పనికొస్తుందో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లండి. 1994 తర్వాత టెక్సస్‌లో రాష్ట్రస్థాయి పదవి ఒక్కటీ డెమోక్రాట్లు గెలవలేదు. అంటే గవర్నరు, అటార్నీ జనరల్ లాంటి పదవులు ఇన్నేళ్లుగా ఖరారవుతున్నది రిపబ్లికన్ ప్రైమరీలోనే. మీ నియోజకవర్గంలో డెమోక్రాట్లదే పైచేయి అయితే స్థానిక సీటుకు లెక్క తిరగబడుతుంది. ఇది కపటం కాదు, చట్టం ఇచ్చిన వెసులుబాటు.

ఇప్పుడు అసలు చిక్కు. టెక్సస్‌లో ప్రైమరీ గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలి. రాకపోతే మొదటి ఇద్దరికీ మే నెలలో రనాఫ్ పెడతారు. మార్చిలో ఒక పార్టీకి వేసినవారు మేలో అదే పార్టీ రనాఫ్‌లో వేయాలి, రెండోదానికి పోనివ్వరు. మార్చిలో అసలు వేయనివారు మాత్రం మేలో రెండింట్లో దేనికైనా వెళ్లొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. రనాఫ్‌కు వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ ఒక్కో ఓటు బరువు ఎక్కువ. 2012లో సెనేట్ సీటుకు జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో డేవిడ్ డ్యూహర్స్ట్‌కు సుమారు 45 శాతం, టెడ్ క్రూజ్‌కు 34 శాతం వచ్చాయి. రనాఫ్‌లో క్రూజ్ 57 శాతంతో గెలిచాడు. మొదటి రౌండు చూసి ఇంట్లో కూర్చున్నవాళ్లు రెండో రౌండులో ఏం జరిగిందో పేపర్లో చదువుకున్నారు.

ఇంకో మెలిక. టెక్సస్‌లో స్వతంత్ర అభ్యర్థి బ్యాలెట్ ఎక్కాలంటే సంతకాలు సేకరించాలి. అధ్యక్ష పదవికైతే అంతకుముందు అధ్యక్ష ఎన్నికలో పోలైన ఓట్లలో ఒక శాతం. 2024లో అది 1,13,151 సంతకాలు. ఆ ఏడాది ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేసినవారి సంతకం చెల్లదు. స్వతంత్రుడిని నిలబెట్టాలని మీకుంటే మార్చిలో ఓటు వేయకుండా ఆగాలి. రెండూ కావాలంటే కుదరదు.

ఫ్రిస్కో సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికల బ్యాలెట్ మీద పార్టీ పేర్లే ఉండవు. మీ ఇంటి పన్ను, పిల్లల బడి తేలేది అక్కడ. తటస్థ ఓటరుకు ఏ అడ్డూ లేని ఎన్నిక అదే, దాన్ని మాత్రం వదలొద్దు.

ఒక హెచ్చరిక: తమ ప్రైమరీని పార్టీలో నమోదైనవారికే పరిమితం చేయాలని టెక్సస్ రిపబ్లికన్ పార్టీ నాయకత్వం కోరుతోంది. మార్చికి ముందు కౌంటీ ఎన్నికల వెబ్‌సైట్ ఒకసారి చూసుకుని వెళ్లండి.

ప్రశ్న: 'ఇండిపెండెంట్' అని కనబడితే టిక్కు పెట్టాను. ఇప్పుడు నా వివరాల్లో 'అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ' అని వస్తోంది. ఇదేం పార్టీ? – ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: మీలా పొరపాటు పడ్డవాళ్లు ఆ రాష్ట్రంలో చాలామంది. అది ఇండిపెండెంట్లకు ఇంకో పేరు కాదు, ఒక పార్టీ. 1968లో నల్లజాతివారికి సమాన హక్కులివ్వడాన్ని ఎదిరించి పోటీ చేసిన జార్జ్ వాలెస్ కోసం 1967లో పెట్టారు. కాలిఫోర్నియాలో ఏ పార్టీ లేదని చెప్పడానికి వాడే మాట 'నో పార్టీ ప్రిఫరెన్స్'. ఫ్లోరిడాలో అదే 'నో పార్టీ ఎఫిలియేషన్', మసాచుసెట్స్‌లో 'అన్‌ఎన్‌రోల్డ్'. దరఖాస్తు మీద 'పార్టీ' అన్న మాట చివర తగిలించి ఉన్న పేరు ఏదైనా సరే, అది పార్టీయే. దిద్దుకోవడానికి ఆన్‌లైన్‌లో మళ్లీ నమోదు దరఖాస్తు నింపితే చాలు, పది నిమిషాల పని.

దీనివల్ల మీకు కలిగిన నష్టం ఎంత? మామూలు ఎన్నికల్లో పెద్దగా లేదు. 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రపొజిషన్ 14 వల్ల, 2012 నుంచి అమెరికా కాంగ్రెస్‌కూ రాష్ట్ర పదవులకూ అందరికీ ఒకే ప్రైమరీ బ్యాలెట్. పార్టీతో పనిలేకుండా మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీ అయినా సరే. మీ ఫ్రీమాంట్ వైపున్న 17వ కాంగ్రెస్ జిల్లాలో (మన లోక్‌సభ నియోజకవర్గం లాంటిది) సరిగ్గా అదే జరిగింది. 2014లోనూ 2016లోనూ నవంబరులో నిలబడ్డ మైక్ హోండా, రో ఖన్నా ఇద్దరూ డెమోక్రాట్లే. మొదటిసారి హోండా, రెండోసారి ఖన్నా గెలిచారు. పాత పద్ధతి అయితే డెమోక్రటిక్ ప్రైమరీతోనే కథ ముగిసేది, రిపబ్లికన్లకు ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే వీలు ఉండేది కాదు. తటస్థ ఓటరుకు ఇంతకన్నా విలువ పెంచిన మార్పు ఇంకొకటి మాకు కనిపించదు.

అధ్యక్ష ప్రైమరీ మాత్రం దీనికి బయట. 2024లో ఏ పార్టీ లేనివారిని డెమోక్రటిక్, లిబర్టేరియన్, అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీలు రానిచ్చాయి. రిపబ్లికన్ పార్టీ రానివ్వలేదు. రానిచ్చిన పార్టీల్లోనూ అడిగితేనే. కౌంటీ నుంచి ముందుగా ఒక కార్డు వస్తుంది, ఏ పార్టీ అధ్యక్ష బ్యాలెట్ కావాలో రాసి పంపమని. ప్రకటనల కాగితాల మధ్య దాన్ని చెత్తబుట్టలో వేస్తే, మీకొచ్చే బ్యాలెట్‌లో మిగతావన్నీ ఉంటాయి, అధ్యక్ష పోటీ మాత్రం ఉండదు. పైగా మీరు అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ ఓటరుగా ఉండిపోతే డెమోక్రటిక్ బ్యాలెట్ అడిగే హక్కు కూడా ఉండదు. అందుకే దిద్దుకోండి.

ప్రశ్న: ఆగస్టు ప్రైమరీలో రెండు పార్టీల వరుసల్లోనూ మంచివాళ్లనే చూసి వేశాను. చెల్లుతుందా? – ట్రాయ్, మిషిగన్

జవాబు: పార్టీల తరఫున పోటీ జరిగే పదవులకు వేసినవి చెల్లవు. మిషిగన్ బ్యాలెట్ మీద రెండు పార్టీల వరుసలూ పక్కపక్కనే ఉంటాయి. ఏ వరుస ఎంచుకున్నారో ఎవరికీ తెలియదు, అది పెద్ద సౌకర్యం. కానీ ఒక వరుసలోనే వేయాలి. రెండింట్లో వేస్తే ఆ భాగమంతా రద్దు, వెనక ఉండే పార్టీరహిత పదవులకూ ప్రతిపాదనలకూ వేసినవి మిగులుతాయి. పోలింగ్ కేంద్రంలోనైతే యంత్రం ఆ కాగితాన్ని వెనక్కి నెడుతుంది, కొత్తది అడిగి తీసుకోవచ్చు. పోస్టులో పంపినదానికి చెప్పేవాళ్లెవరూ ఉండరు. కవరు మూసేముందు ఒకసారి పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: జూన్‌లో న్యూయార్క్ మేయర్ ప్రైమరీకి వెళ్తే నా పేరు జాబితాలో లేదన్నారు. పదేళ్లుగా ఓటరును. ఇది అన్యాయం కాదా? మా పన్నులతో జరిగే ఎన్నికే కదా? – క్వీన్స్

జవాబు: మీ బాధ న్యాయమైనది. చట్టం మాత్రం మీ వైపు లేదు. న్యూయార్క్‌ది మూసిన ప్రైమరీ, పార్టీలో నమోదైనవారికే. 2025 జూన్‌లో న్యూయార్క్ నగరంలో ఏ పార్టీ లేని ఓటర్లు పది లక్షలమందికి పైగా ఆ పోటీ బయటే ఉండిపోయారు. నగరంలో డెమోక్రటిక్ ప్రైమరీ గెలిచినవారే సాధారణంగా మేయర్ అవుతారని తెలిసి కూడా.

పార్టీ ఎంచుకోవాలంటే గడువు ఫిబ్రవరి 14. ఆ తేదీలోగా ఎన్నికల బోర్డుకు మీ మార్పు చేరాలి. దాటితే జూన్ ప్రైమరీ అయిపోయాకే అమల్లోకి వస్తుంది. అభ్యర్థుల ముఖాలు కూడా ఇంకా తెలియని రోజుల్లో వచ్చే గడువు ఇది. ఓటర్లు చాలామంది దీన్ని దాటేస్తున్నారంటే తప్పు వాళ్లది అనలేం. విచిత్రమేమిటంటే మొదటిసారి నమోదయ్యేవాళ్లు ప్రైమరీకి పది రోజుల ముందు వరకు పార్టీతో సహా నమోదు కావచ్చు. పాత ఓటరుకే కఠిన నియమం. ఆ రోజు మీ చేత అఫిడవిట్ బ్యాలెట్ (జాబితాలో పేరు లేనివాళ్లకు ఇచ్చేది) నింపించి ఉంటే, పార్టీ నమోదు లేదని తేలాక అది లెక్కలోకి రాదు.

ఇక పన్నుల మాట. పార్టీ తన అభ్యర్థిని ఎవరు ఎంచుకోవాలో తానే నిర్ణయించుకోవచ్చని, బయటివాళ్లను బలవంతంగా రుద్దకూడదని సుప్రీంకోర్టు 2000లో కాలిఫోర్నియా కేసులో చెప్పింది. అంతకుముందు 1986లో కనెటికట్ కేసులో పార్టీ కోరుకుంటే ఇండిపెండెంట్లను రానివ్వాల్సిందేనంది. అంటే తాళంచెవి పార్టీ దగ్గరే. ప్రభుత్వ ఖజానా ఖర్చుతో, ప్రభుత్వ సిబ్బందితో నడిచే ఎన్నిక తలుపు పార్టీ చేతిలో ఉండడం సరికాదని మా గట్టి అభిప్రాయం. అది మారేవరకు, మూసిన ప్రైమరీలున్న న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ఉండేవారికి మేం చెప్పేది ఒకటే: మీ ప్రాంతంలో ఏ పార్టీ ప్రైమరీ సీటును తేలుస్తుందో అందులో నమోదవండి. చందా లేదు, కార్యకర్తగా తిరగాల్సిన పని లేదు, నవంబరులో ఎవరికైనా వేయొచ్చు. పెన్సిల్వేనియాలో మార్పుకు గడువు ఎన్నికకు 15 రోజుల ముందు, ఫ్లోరిడాలో 29 రోజుల ముందు.

నార్త్ కరోలినా వాళ్లకు దీనికి సరిగ్గా తిరగవేసిన సలహా. అక్కడ ఏ పార్టీ లేనివారు ఏ పార్టీ ప్రైమరీనైనా అడిగి వేయొచ్చు, వేశాక కూడా ఏ పార్టీ లేనివారిగానే ఉంటారు. పార్టీలో నమోదైనవారికి ఆ స్వేచ్ఛ లేదు. అందుకే క్యారీలోనో షార్లెట్‌లోనో ఉండేవారు గడి ఖాళీగా వదలడమే మేలు.

ప్రశ్న: మా అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంది. డ్రైవింగ్ లైసెన్స్ కార్యాలయంలో ఓటరు నమోదు కాగితం కూడా ఇచ్చారట. ఏ పార్టీ కాదని టిక్కు పెడితే ఇబ్బంది ఉండదు కదా? – విజయవాడ

జవాబు: అమ్మా, దయచేసి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని. పార్టీ సంగతి కాదిది. పౌరసత్వం లేనివారు, గ్రీన్‌కార్డు ఉన్నా హెచ్-1బీ ఉన్నా, ఫెడరల్ ఎన్నికలో ఓటు వేయడం నేరం. 'నేను పౌరుణ్ని' అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేస్తే 1996 చట్టం కింద దేశం నుంచి పంపేయడానికి అదే కారణం కావచ్చు. 1993లో వచ్చిన చట్టం వల్ల లైసెన్స్ కార్యాలయాల్లోనూ ఓటరు నమోదు చేస్తున్నారు. కౌంటర్‌లో మనిషి అందరికీ ఇచ్చినట్టే కాగితం ఇస్తాడు. తెర మీద వరుసగా 'ఎస్' నొక్కుతూ పోయినా అంతే సంగతి. రేపు పౌరసత్వానికి ఎన్-400 నింపేటప్పుడు 'ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా' అని విడిగా అడుగుతారు. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ఓటు వేయకూడదు, కౌంటీకి ఏదైనా రాసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి.

ప్రశ్న: ఏ పార్టీలోనూ చేరకపోయినా రెండు పార్టీలవాళ్లూ ఫోన్లు చేస్తున్నారు. నా వివరాలు ఎలా తెలుస్తున్నాయి? – యాష్‌బర్న్, వర్జీనియా

జవాబు: ఓటరు జాబితా పార్టీలకు అందుతుంది. ఏ ఎన్నికలకు వచ్చారో అందులో ఉంటుంది, ఎవరికి వేశారో ఉండదు. వర్జీనియాలో పార్టీ నమోదు లేదు, కానీ ఏ పార్టీ ప్రైమరీలో వేశారో పార్టీలు చూసుకుంటాయి. రెండింట్లోనూ అప్పుడప్పుడూ కనిపించేవాళ్లు, ఎందులోనూ కనిపించనివాళ్లు వాళ్లకు 'ఒప్పించదగ్గవారు', ఫోన్లు అందుకే. దరఖాస్తులో ఫోన్ నంబరు గడి తప్పనిసరి కానిచోట ఖాళీగా వదలండి.

ప్రశ్న: ఈ పద్ధతి మారే సూచనలున్నాయా? – ఒక పాఠకుడు, డెన్వర్, కొలరాడో

జవాబు: మీ రాష్ట్రమే ముందు వరుసలో ఉంది. 2016లో ప్రపొజిషన్ 108 గెలిచాక కొలరాడోలో ఏ పార్టీ లేనివారికి రెండు పార్టీల ప్రైమరీ బ్యాలెట్లూ ఒకే కవరులో పోస్టులో వస్తున్నాయి. ఒకటి నింపి పంపాలి, రెండోది చింపేయాలి. రెండూ నింపి పంపితే రెండూ చెల్లవు. ఇంట్లో భార్యాభర్తలిద్దరి కవర్లూ బల్ల మీద కలిసిపోయి ఇలాంటి పొరపాట్లు జరగొచ్చు, ఎవరిది వారు విడిగా నింపుకోండి.

ఇంకా ముందుకెళ్లింది అలాస్కా. 2020లో ఓటర్లు ఆమోదించిన పద్ధతిలో అందరికీ ఒకే ప్రైమరీ, మొదటి నలుగురు నవంబరుకు వెళ్తారు, అక్కడ ఓటరు 1, 2, 3, 4 అని వరుస పెడతాడు. ఎవరికీ సగం రాకపోతే చివరివాడిని తీసేసి అతని ఓట్లు రెండో ఎంపికకు కలుపుతారు. 2022లో ప్రతినిధుల సభకు డెమోక్రాట్ మేరీ పెల్టోలా, సెనేట్‌కు రిపబ్లికన్ లీసా మర్కౌస్కీ ఇద్దరూ అదే రాష్ట్రంలో, అదే బ్యాలెట్ మీద గెలిచారు. దీన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన 2024లో వెయ్యి ఓట్ల లోపు తేడాతో వీగిపోయింది.

అయితే అదే 2024 నవంబరులో ఇలాంటి మార్పుల కోసం పెట్టిన ప్రతిపాదనలు కొలరాడో, నెవాడా, ఐడహో, మోంటానా, సౌత్ డకోటా, అరిజోనాల్లో ఓడిపోయాయి. నెవాడాలో 2022లో గెలిచిందే 2024లో ఓడింది, అక్కడ రాజ్యాంగ సవరణ రెండుసార్లు గెలవాలి. పార్టీలు ఒప్పుకోకపోవడం ఒక కారణం. ప్రైమరీ తెరవడం, ఓట్లకు వరుస పెట్టడం అనే రెండు మార్పుల్ని చాలాచోట్ల ఒకే ప్రతిపాదనలో మూటకట్టడం ఇంకో కారణమని మా అంచనా. మొదటిది నచ్చినవాళ్లు కూడా రెండోది అర్థం కాక 'వద్దు' అనేస్తారు. విడివిడిగా అడగాల్సింది.

ప్రశ్న: అమెరికా పౌరుణ్ని, రిటైరయ్యాక విశాఖలో ఉంటున్నాను. నమోదు చేసుకున్న పార్టీ లేదు. ఇక్కడి నుంచి ప్రైమరీలో వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. మీరు చివరగా ఉన్న రాష్ట్రం నియమాలే మీకు వర్తిస్తాయి. ఏటా జనవరిలో ఫెడరల్ పోస్ట్‌కార్డ్ అప్లికేషన్ (విదేశాల్లో ఉన్న ఓటర్లు బ్యాలెట్ కోసం పెట్టే దరఖాస్తు) నింపి ఆ కౌంటీకి పంపండి, ఆ క్యాలెండర్ ఏడాదికంతా పనిచేస్తుంది. అందులో పార్టీ గడి ఉంటుంది. రాష్ట్రం అడిగే చోట అది నింపకపోతే ప్రైమరీ బ్యాలెట్ రాదు, నవంబరుది మాత్రం వస్తుంది. బ్యాలెట్లు ఎన్నికకు 45 రోజుల ముందు పంపుతారు. ఈమెయిల్‌లో పంపమని గడిలో గుర్తు పెట్టండి, పోస్టులో వచ్చేసరికి సగం రోజులు గడిచిపోతాయి. నింపినదాన్ని తిరిగి ఎలా పంపాలన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, కొన్ని రాష్ట్రాలు కాగితమే కావాలంటాయి. అప్పుడు కొరియర్‌కు కనీసం రెండు వారాలు చేతిలో ఉంచుకోండి.